వాల్వు మీద గోళ్ళరంగు చుక్క

మా ఆయన ఏ వస్తువునైనా రిపేరుకిచ్చే ముందు దానికొక గుర్తు పెడతాడు. ఈ విద్య ఆయనకు వాళ్ళ నాన్న నుంచి వచ్చింది. మా మామగారు సైకిల్‌ని పంక్చరుకిచ్చేటప్పుడు కూడా ట్యూబు మీద పెన్నుతో అడ్డగీత గీసి ఇచ్చేవారట, షాపువాడు మంచి ట్యూబు దాచుకుని ఏదో అతుకుల ట్యూబు ఎక్కిస్తాడేమోనని. మా ఆయన ఇంకో మెట్టు పైకెక్కాడు. సెల్‌ఫోను ఇస్తే బ్యాటరీ వెనక ఒక గీత, మిక్సీ ఇస్తే మోటారు మీద ఒక గీత. పెట్రోలు బంకులో మీటరు సున్నా మీద ఉందో లేదో బండి దిగి, హెల్మెట్ తీసి, వంగి మరీ చూస్తాడు. పెళ్ళయిన కొత్తలో నాకు నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత ఆయన కంటే ముందు నేనే వంగి చూడటం మొదలుపెట్టాను.

ఆ మాటకొస్తే నేనూ తక్కువదాన్నేం కాదు. శంషాబాద్‌లో మేం కిరాయికున్న ఇంటి ముందు గదిలో నాకో చిన్న బ్యూటీ పార్లర్ ఉండేది. క్రీము డబ్బాలు తెచ్చిచ్చే మనిషి సీలు మళ్ళీ అతికించి తెస్తున్నాడేమోనని ప్రతి డబ్బా మూత తీసి వాసన చూసి గానీ తీసుకునేదాన్ని కాదు. ఇద్దరం ఇద్దరమే. మా ఇంట్లో ఎవరినైనా నమ్మాలంటే ముందు బోలెడంత ఆలోచన జరిగేది.

నేను కళ్ళు మూసుకుని నమ్మిన మనిషి ఒక్కడే, మా అన్న. షాద్‌నగర్‌లో ఆయనకు మైకుసెట్ల షాపు. పెళ్ళిళ్ళకీ, గణేశ్ మంటపాలకీ, బతుకమ్మ ఆటలకీ బాక్సులు కిరాయికిస్తాడు, మిగిలిన టైములో రిపేర్లు చేస్తాడు. నా పెళ్ళి జరిగిందే మా అన్న వల్ల. అన్న మైకుసెట్ పెట్టిన ఒక పెళ్ళిలో ఆర్కెస్ట్రావాళ్ళు వచ్చారు, అందులో గిటారు వాయించే మనిషిని నేను చూశాను, ఆయన నన్ను చూశాడు. వాళ్ళది కోస్తా నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడ్డ కుటుంబం. మా బాపు ససేమిరా అన్నాడు. వాళ్ళ మాట వేరు, తిండి వేరు, రేపు ఏదన్నా అయితే ఎవరిని అడగాలన్నాడు. అప్పుడు మా అన్న, "నన్నడుగు బాపు. పిలగాని జిమ్మ నాది" అన్నాడు. అమ్మా బాపూ పోయాక నాకు పుట్టిల్లంటే మా అన్న ఇల్లే. కాబట్టి మా ఆయనా మా అన్నా ఎడమొహం పెడమొహం అయితే నాకు మిగిలేది ఏంటో నాకు బాగా తెలుసు.

ఆ ఎడమొహం తెచ్చిపెట్టింది ఒక పాత గిటారు ఆంప్లిఫయర్.

మా ఆయన ఎయిర్‌పోర్టు కార్గోలో పని చేసేవాడు. సెలవులు చూసుకుని ఆర్కెస్ట్రాలో వాయించేవాడు. ఆ ఆంప్లిఫయర్‌ని సికింద్రాబాద్‌లో వాయించడం మానేసిన ఒక పెద్దాయన దగ్గర ఇష్టపడి కొనుక్కున్నాడు. ఒక్కడు మోయలేనంత బరువు. అందులో ఇప్పటి వాటిలాగా చిప్పులుండవు, వాల్వులుంటాయి. వాల్వంటే లోపల తీగలున్న గాజు బుడ్డి, కింద పిన్నులు, ఆ పిన్నుల్ని సాకెట్లోకి గుచ్చాలి. స్విచ్చి వేశాక అవి నిదానంగా ఎర్రబడి, వేడెక్కి, అప్పుడు గానీ శబ్దం రాదు. పెద్ద వాల్వులు రెండు మాత్రం చెయ్యి పెడితే బొబ్బెక్కేంత కాలతాయి. అయితే ఏం, ఒక్క తీగ మీటితే గదంతా వెచ్చగా నిండిపోయేది. పార్లర్లో కనుబొమలు చేయించుకుంటున్న ఆడవాళ్ళు కూడా కళ్ళు తెరిచి, ఆ సౌండు ఏంటక్కా అని అడిగేవాళ్ళు.

ఒక ఎండాకాలం అది గుయ్ మని మోత మొదలుపెట్టింది. గిటారు తగిలించకపోయినా మోతే. రిసెప్షన్లలో పాడేవాళ్ళ మైకు కంటే ఇదే ఎక్కువ వినబడేది. ఆర్కెస్ట్రా నడిపే ఆయన పైకి బాగానే మాట్లాడుతూ, "కీబోర్డులో గిటారు సౌండు కూడా ఉంది కదా సార్, మీరెందుకు శ్రమపడటం" అన్నాడట. ఆ మాటకు మా ఆయన రెండు పూటలు సరిగ్గా అన్నం తినలేదు. హైదరాబాద్‌లో అడిగిన ప్రతిచోటా వాల్వు అనగానే చేతులెత్తేశారు. వాల్వు రేడియోల కాలంనాటి ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్న మనిషి మాకు తెలిసి మా అన్న ఒక్కడే.

"మీ అన్నయ్యకే ఇద్దాం" అన్నాడు మా ఆయన. అని, పార్లర్లోకి వెళ్ళి గోళ్ళరంగు సీసా పట్టుకొచ్చాడు.

"అదెందుకు?"

"పెన్ను గీత గాజు మీద నిలవదు. ఇది నిలుస్తుంది."

"మా అన్నకిచ్చేటప్పుడు గూడానా?"

"ఆయన మీద కాదు. షాపులో పదిమంది వస్తారు, పోతారు. ఇవి ఇప్పుడు దొరకని వాల్వులు. జాగ్రత్త మంచిది కదా."

ఆయన తెచ్చింది పెళ్ళికూతుళ్ళ కోసం నేను విడిగా దాచుకునే ముదురు గులాబీ రంగు. నాకు ముందు ఆ రంగు గురించే కోపం వచ్చింది. అన్న గురించి కోపం ఆ తర్వాత వచ్చింది. అప్పటికే ఆయన వెనక పలక విప్పి, వాల్వులు ఒక్కొక్కటీ పీకి, గాజు మీద కింది వైపున తలా ఒక చుక్క పెట్టి, ఆరీ ఆరకముందే మళ్ళీ గుచ్చేస్తున్నాడు. ఆడవాళ్ళ గోళ్ళకి రంగు వేసేదాన్ని నేను. బ్రష్షుకి అంత రంగు తీసుకోకూడదని చెప్పబోయి ఊరుకున్నాను. నన్ను అడిగి తీసుకున్నాడా ఏమన్నా?

అన్న వారం తిరక్కుండానే బాగుచేశాడు. "కండెన్సర్లు ఎండిపోయినయ్ చెల్లే, మార్చిన. ఇగ మోత రాదు" అని ఫోన్‌లో చెప్పాడు. మా ఆయన షాద్‌నగర్ వెళ్ళి తెచ్చుకున్నాడు. నిజంగానే మోత లేదు. వాయించి చూసుకుని, మీ అన్నయ్య చేయి మంచిదే అన్నాడు. అన్న గొంతు ఫోన్‌లో పొడిగా ఉందని నాకు అనిపించింది గానీ, ఎండలు, పనులు అనుకున్నాను.

కొన్నాళ్ళకు ఎయిర్‌పోర్టు రోడ్డు మీద ఒక గార్డెన్ ఫంక్షన్‌హాల్లో రిసెప్షన్. పాట మధ్యలో ఆంప్లిఫయర్ చరచరమని, గొంతు పట్టేసినట్టు ఆగిపోయింది. ఆయన దాని నెత్తి మీద ఒక్కటిస్తే మళ్ళీ వచ్చింది. ఇంకో పాటలో మళ్ళీ పోయింది. మిగతా పాటలకు గిటారు ముక్కలు కీబోర్డు అబ్బాయే వాయించాడు, బాగా వాయించాడు కూడా. అది మా ఆయనకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

ఇంటికొచ్చి వెనక పలక విప్పి నన్ను పిలిచాడు. "ఇటు రా. చూడు."

చూశాను. చిన్న వాల్వుల మీద గులాబీ చుక్కలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పెద్ద వాల్వుల మీద చుక్కలు మాత్రం గులాబీ రంగులో లేవు. చింతపండు పులుసు ఆరిపోయిన మరకలా గోధుమరంగులో ఉన్నాయి.

"ఇవి నేను పెట్టిన చుక్కలు కావు" అన్నాడు. "పెద్దవి మార్చాడు. వీటికే కదా గిరాకీ. మార్చి, నా గుర్తు చూసి, వేరే సీసాతో చుక్క పెట్టాడు."

"మా అన్న షాపులో గోళ్ళరంగు ఎందుకుంటది?"

"మీ వదిన లేదా?"

వదిన ఈ రంగు ఎప్పుడూ వేసుకోదని అందామనుకున్నాను. అంతలో, ఏమో, ఎప్పుడైనా వేసుకుందా అని నాలో నేనే ఆలోచిస్తున్నాను. అదీ అనుమానం చేసే పని. దాన్ని గుమ్మం దగ్గర తిడుతూనే లోపలికి రానిస్తాం. గట్టిగా దెబ్బలాడుకున్నాం ఆ రోజు. ఆయన చివరికి, "మీవాళ్ళంతా ఒకటే, నేనే పరాయివాణ్ణి" అన్నాడు. ఆ రోజుల్లో బయట వేరే రాష్ట్రం కోసం బందులూ ధర్నాలూ జరుగుతున్నాయి, బస్సులో కూర్చున్నా మీవాళ్ళూ మావాళ్ళూ అనే మాటే. మా ఇంట్లోకి మాత్రం ఆ మాట అంతవరకూ రాలేదు. నాకు చాలా బాధేసింది.

తర్వాత ఒక పని మీద షాద్‌నగర్ వెళ్ళినప్పుడు అన్న షాపుకి పోయాను. వెనక అరలో పాత వాల్వులు దూదిలో పడుకోబెట్టి ఉన్నాయి. అన్న సాల్డరింగ్ చేసుకుంటున్నాడు. నేను నిలబడి, మాట్లాడుతూ మాట్లాడుతూనే, వాటి మీద గులాబీ చుక్క ఏమైనా ఉందా అని చూస్తున్నాను.

"ఏం దేవులాడుతున్నవ్ చెల్లే?"

"ఏం లేదన్నా. ఊకెనే."

అన్న నా మొహంలోకి ఒక్క క్షణం చూసి మళ్ళీ పనిలోకి తల వంచుకున్నాడు. టీ తెప్పించాడు గానీ ఇంటి సంగతులు అడగలేదు, ఉండి తిని పొమ్మని అనలేదు. ఎప్పుడూ బస్సు ఎక్కించి, సీటు దొరికిందాకా కిందే నిలబడే మనిషి, ఆ రోజు షాపులోంచే చెయ్యూపాడు. దారి పొడుగునా అదే ఆలోచించాను. ఏ తప్పూ చేయని మనిషి ఎందుకట్లా ముడుచుకుపోతాడు? తల దించుకోవాల్సిన పనేంటి? శంషాబాద్‌లో దిగేసరికి మా ఆయన మాటే నిజమేమోనన్న దాకా వచ్చాను. నాకు ఏడుపు వచ్చింది, ఆ ఏడుపు అన్న మీదో మా ఆయన మీదో నాకే తెలియలేదు.

ఈ ముడి విప్పింది పార్లర్లో మైనం కరిగించే నా వ్యాక్స్ హీటర్. పెళ్ళికూతురొకామెకు రంగులు చూపిస్తుంటే ఆ గులాబీ రంగు చుక్క ఒకటి హీటర్ అంచు మీద పడింది. చేతిలో పనుండి తుడవలేదు. సాయంత్రం గది సర్దుకుంటూ చూస్తే ఆ చుక్క గోధుమరంగుకి తిరిగింది, అచ్చం వాల్వు మీద ఉన్న రంగు. గోటితో గీకి చూశాను. తర్వాత ఇస్త్రీపెట్టె బాగా వేడిచేసి, దాని అంచు మీద ఇంకో చుక్క పెట్టాను. పొగ, ఘాటు వాసన, కళ్ళ ముందే రంగు మారింది. కాలేవి పెద్ద వాల్వులు, అందుకే వాటి చుక్కలు మాడాయి. చిన్నవి అంత కాలవు, అందుకే వాటివి మాడలేదు. ఎవరూ ఏదీ మార్చలేదు.

ఆ క్షణంలో నాకు సంతోషం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. మా ఆయన డ్యూటీ నుంచి రాగానే, షూ కూడా విప్పనివ్వకుండా ఇస్త్రీపెట్టె చూపించాను. ఆయన మూడోసారి చుక్క తనే పెట్టి చూసుకున్నాడు. నేను పెట్టిన చుక్కను ఎట్లా నమ్ముతాడు మరి.

"సరే. వాల్వులు మార్చలేదనుకుందాం" అన్నాడు. "మరి సౌండు ఎందుకు పోతోంది? ఏదో ఒకటి చేసే ఉంటాడు."

"అది గూడ చూద్దాం. మీరు ఉండంగనే చూద్దాం. మీరు లేనప్పుడు విప్పితే రేపు నన్నే అంటరు."

చిన్నప్పుడు అన్న పక్కన కూర్చుని చూసేదాన్ని. వాల్వు రేడియో గరగరలాడితే అన్న చెక్క పెన్సిల్ వెనక చివరతో ఒక్కో వాల్వుని మెల్లగా తట్టేవాడు. దేన్ని తడితే గరగర వస్తుందో జబ్బు అక్కడ ఉన్నట్టు. లోపల మాత్రం చెయ్యి పెట్టొద్దు, స్విచ్చి ఆపినా కండెన్సర్లలో కరెంటు దాక్కుని ఉంటదని నా చెయ్యి మీద ఒక్కటి వేసేవాడు. నేను ఐబ్రో పెన్సిల్ తీసుకున్నాను. మా ఆయన గిటారు తగిలించి ఒకే తీగ మీటుతూ కూర్చున్నాడు. వాల్వులు వేడెక్కాయి. మేం అనుమానించిన పెద్ద వాల్వుల్ని తట్టాను. ఏమీ లేదు. ఇంకా కొంచెం గట్టిగా తట్టాను. తీగ మోగుతూనే ఉంది. చిన్నవాటిలో మొదటిదాన్ని తాకానో లేదో చర్రుమని శబ్దం పోయింది. మళ్ళీ తడితే వచ్చింది. మళ్ళీ తడితే పోయింది.

మా ఆయన మీటడం ఆపేశాడు. "అది చిన్నది కదా" అన్నాడు. "దాని గుర్తు సరిగ్గానే ఉందిగా."

అదే కదా సంగతి. గుర్తు సరిగ్గా ఉన్నదాన్ని ఇద్దరిలో ఒక్కరం కూడా అనుమానించలేదు.

స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, అన్నీ చల్లారేదాకా టీ పెట్టుకుని తాగాం. ఒక విమానం దిగుతూ కిటికీ అద్దాలు వణికించి పోయింది. తర్వాత ఆ చిన్న వాల్వుని మెల్లగా ఊపుతూ పైకి లాగాను. గాజు మీది చుక్క నుంచి ఒక సన్నటి చార కిందికి జారి, పిన్ను పొడుగునా గులాబీరంగు పొరలా పట్టుకుని ఉంది. వేడెక్కినప్పుడల్లా మెత్తబడి సాకెట్‌కీ పిన్నుకీ మధ్య అడ్డం పడుతోందన్నమాట. గోళ్ళరంగులోంచి కరెంటు పోదు. మా ఆయన వాల్వుని చేతిలోకి తీసుకుని, లైటుకి ఎత్తిపట్టి, చాలాసేపు చూశాడు. ఎవరి మీద నెపం పెట్టాలా అని వెతుకుతున్నట్టే అనిపించింది, కానీ అక్కడ ఆయన వేలిముద్ర కూడా రంగులో అచ్చుపడి ఉంది.

రిమూవర్ దూదికి అద్ది పిన్నులన్నీ తుడిచాను. అగ్గిపుల్లకు దూది చుట్టి సాకెట్ రంధ్రాలు శుభ్రం చేశాను. బాగా ఆరనిచ్చి గుచ్చాం. ఆయన గంటకు పైగా వాయించాడు, తట్టినా, ఊపినా శబ్దం ఎక్కడికీ పోలేదు. వాయించడం ఆపాక, "మీ అన్నయ్యకి ఇదంతా చెప్పకు" అన్నాడు.

"నేను చెప్పను. రాఖీకి మీరు గూడ రండి. మీరే చెప్పండి."

ఆయన గిటారు తీగలు తుడుచుకుంటూ ఉండిపోయాడు. కానీ రాఖీ పౌర్ణమి నాడు నా కంటే ముందు స్నానం చేసి తయారయ్యాడు.

ఆ రోజు కూడా అన్న షాపు తెరిచే ఉంది. గణేశ్ చవితి దగ్గర పడుతోంది, బాక్సులన్నీ విప్పి పరిచి ఉన్నాయి. మధ్యలో కాస్త చోటు చేసి స్టూలు మీద కూర్చున్నాడు. మా ఆయన గుమ్మం దగ్గరే ఆగి హైవే మీద పోయే బస్సులు చూస్తున్నాడు. నేను పళ్ళెం పెట్టి, బొట్టు పెట్టి, రాఖీ తీశాను. అన్న చెయ్యి చాపలేదు.

"కట్టే ముంగట ఒక మాట అడుగుత చెల్లే. నిజం చెప్పు."

"అడుగన్నా."

"ఆంప్లీ విప్పంగనే చూసిన. అన్ని వాల్వులకూ చుక్కలు. ఆ రంగు నాకు ఎరుకే, మొన్న మా మరదలి పెండ్లిల నువ్వే పెట్టినవ్ గదా అందరికీ. చిన్న వాల్వు పిన్నుకు గూడ కారి ఉండె. తుడుద్దామని దూది గూడ తీసిన. తుడిస్తే, గుర్తు చెరిపిండు, వాల్వు మార్చిండు అంటరని మళ్ల గట్లనే పెట్టిన. నడుస్తుండె, సరే తియ్యి అనుకున్న." నా చేతిలోని రాఖీ వంక చూశాడు. "మా చెల్లె నా మీద గుర్తు పెట్టింది అని చానా దినాలు నిద్ర పట్టలే. మళ్ల నువ్వొచ్చి అరల దేవులాడుతివి."

అన్న నాతో ముభావంగా ఎందుకున్నాడో అప్పుడు అర్థమైంది. నేను అన్నను దొంగేమో అనుకుంటున్నంత కాలమూ అన్న నన్ను, తనను దొంగలెక్క చూసే చెల్లెలు అనుకున్నాడు. నేను కాదు అని చెప్తే మిగిలేది మా ఆయనే. నేనే అంటే అన్నకు చెల్లెలు లేదు. రాఖీ పట్టుకుని మా ఆయన వీపు వంక చూశాను. ఆ వీపు కదల్లేదు.

"నేను గాదన్నా" అన్నాను.

అన్న నన్ను చూశాడు, తర్వాత గుమ్మం వైపు చూశాడు. ఇప్పుడు చెయ్యి చాపాడు. రాఖీ కట్టాను. కట్టించుకున్న చెయ్యి అట్లాగే గుమ్మం వైపు తిప్పి, చిటికెనవేలు చాపి, "బావా" అని పిలిచాడు. "సీసా తెచ్చినవా? నాకు గూడ ఒక చుక్క పెట్టిపో. మళ్ల వచ్చేసరికి నన్ను ఎవడన్న మార్చిండో ఏమో, నువ్వే చూస్కో."

మొహంలో నవ్వు ఉంది. గొంతులో లేదు.

మా ఆయన ఇటు తిరిగాడు. అన్ని రోజుల్లో మొదటిసారి నన్ను చూడకుండా, అన్న కళ్ళలోకి చూసి, "నేనే పెట్టాను బావగారూ" అన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు, వాళ్ళ నాన్న, సైకిల్ ట్యూబు, ఏదో. మధ్యలోనే వదిలేశాడు.

అన్న వేలు వెనక్కి తీసుకోలేదు. మా ఆయన నాలుగడుగులు వేసి, వచ్చి, ఆ వేలుని రెండు చేతులతో పట్టుకున్నాడు.